తంజావూరు: మేమిద్దరమే, రెండు రాత్రులు. ఏం చూడాలి, ఏం వదిలెయ్యాలి?

మండపేట టీచరమ్మ

అందరికీ నమస్కారమండి. మాది మండపేట పక్కన పల్లెటూరు. నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. మా వారిది వ్యవసాయం, దానికి తోడు నీటి సంఘంలో మెంబరు. ఇంట్లో కాలువ, లాకు, వంతు అన్న మాటలు తప్ప ఇంకో కబురు వినపడదు.

పెళ్లయ్యాక మేమిద్దరమే కలిసి వెళ్లిన ఊరంటూ లేదు. తిరుపతి, అన్నవరం లెక్కలోకి రావు, వెనకాల సగం వీధి వచ్చేస్తుంది. ఈసారి సంక్రాంతికి కూతురు, కొత్తల్లుడు వస్తున్నారు. వాళ్లు ముక్కనుమ దాటి వెళ్లిపోగానే మేమూ బయల్దేరదామని గట్టిగా అనుకున్నాం. తంజావూరు అన్నది నా కోరిక. చిన్నప్పుడు నాలుగేళ్లు సంగీతం నేర్చుకున్నాను, త్యాగరాజస్వామి సమాధి చూడాలని అప్పటినుంచీ ఉంది. మా వారేమో "గుళ్లు మనకి తక్కువా? అక్కడ కరికాల చోళుడు కట్టిన ఆనకట్ట ఉందట, అది చూపిస్తానంటే వస్తా" అంటున్నారు.

మాకున్నది రెండు రాత్రులు. జనవరి 26న జెండా వందనానికి నేను స్కూల్లో ఉండి తీరాలి. ఒక ట్రావెల్స్ అతన్ని అడిగితే రెండ్రోజుల్లో నవగ్రహ క్షేత్రాలు తొమ్మిదీ, కుంభకోణం, చిదంబరం, శ్రీరంగం అని కాగితం నిండా రాసిచ్చాడు. చదివేసరికే కాళ్లు లాగాయి. మా వారికి మోకాళ్ల నొప్పి, మెట్లు ఎక్కువైతే కష్టం. తెల్లవారుజామున లేచి పరుగెత్తడం ఇద్దరికీ ఇష్టం లేదు, ఆ పని ఏడాదంతా చేస్తూనే ఉన్నాం. వెళ్లొచ్చిన వాళ్లెవరైనా ఏది ఉంచుకోవాలో, ఏది కొట్టెయ్యాలో చెప్తారా?

భీమవరం బండి

టీచరుగారూ, ముందు రైళ్ల సంగతి చెప్పేస్తా, మిగతాది పెద్దలు చెప్తారు. మధ్యాహ్నం కాకినాడ నుంచి వచ్చే సర్కారు ఎక్స్‌ప్రెస్ రాజమండ్రిలో ఎక్కేయండి. నిడదవోలు నుంచి మా భీమవరం మీదుగా తిరిగి పొద్దున్నకి చెన్నై ఎగ్మోర్‌లో దింపుతుంది. ఎగ్మోరే ఎందుకంటే తంజావూరు బండ్లు అక్కణ్ణుంచే. సెంట్రల్‌లో దిగితే సామాన్లతో మళ్లీ ఆటో బేరం. పొద్దున్నే చోళన్ ఎక్స్‌ప్రెస్ దొరికితే మధ్యాహ్నానికల్లా తంజావూరు. మన బండి లేటయి చోళన్ తప్పినా టెన్షన్ పడకండి, మధురై వైపు పోయే పగటి బండేదైనా ఎక్కి తిరుచ్చిలో దిగితే అక్కణ్ణుంచి తంజావూరుకి బస్సులు వస్తూనే ఉంటాయి, గంటన్నర ప్రయాణం.

తిరుగు ప్రయాణానికి తిరుచ్చిలో రాత్రి రాక్‌ఫోర్ట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, పొద్దున్నే చెన్నై సెంట్రల్‌లో కోరమండల్ పట్టుకుంటే ఆ రోజే రాజమండ్రి. సంక్రాంతి రద్దీ కదా, టిక్కెట్లు ఇప్పుడే తీసేసుకోండి. పండగ తర్వాత మన వైపు నుంచి చెన్నై పోయే బండ్లలో వెయిటింగ్ లిస్టు చాంతాడంత ఉంటుంది.

ధవళేశ్వరం పాతకాపు

అమ్మా, నేను ధవళేశ్వరం ఆనకట్ట హెడ్‌వర్క్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. మా అబ్బాయి తిరుచ్చిలో ఉద్యోగం చేసినన్నాళ్లూ అటు తరచూ వెళ్లొచ్చేవాణ్ణి. మీ ట్రావెల్స్ కాగితాన్ని చక్కగా మడిచి అటక మీద పెట్టేయండి. మనం డెల్టావాళ్లం, తంజావూరుకి టూరిస్టుల్లా వెళ్లక్కర్లేదు. చుట్టాలింటికి వెళ్లినట్టు వెళ్లొచ్చు. ఎందుకంటారా?

పెద్ద గుడి, అదే బృహదీశ్వరాలయం, కట్టించింది రాజరాజ చోళుడు, పూర్తయింది 1010లో. ఆయన కూతురు కుందవ్వని మన వేంగి చాళుక్యుల విమలాదిత్యుడికిచ్చి చేశారు. వాళ్ల కొడుకే మన రాజమండ్రి రాజరాజ నరేంద్రుడు, నన్నయగారి చేత భారతం మొదలుపెట్టించినాయన. తాతగారి పేరే పెట్టుకున్నారు. ఆ నరేంద్రుడు మళ్లీ మేనమామ రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవిని చేసుకున్నాడు, అచ్చంగా మన మేనరికం. వీళ్లబ్బాయి 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు. ద్రాక్షారామంలో ఆయన కాలపు శాసనాలు ఉన్నాయి, మీకు దగ్గరే కదా, వెళ్లేముందు ఓసారి చూసి వెళ్లండి. అక్కడ చూసిన కంటికి తంజావూరు గోడలు కొత్తగా అనిపించవు.

ఇక గుడి సంగతి. దిగిన రోజు మధ్యాహ్నం లాడ్జిలో కాసేపు నడుం వాల్చండి. గర్భగుడి మధ్యాహ్నం పన్నెండున్నరకి మూసి నాలుగింటికి తెరుస్తారు, ఆ లోపు వెళ్లినా ఎండలో నిలబడడమే. లోపల పెద్ద రాతి ఆవరణ, జనవరిలో కూడా మిట్టమధ్యాహ్నం వట్టి కాళ్లు కాలతాయి. అందుకని నాలుగున్నరకి వెళ్లి చీకటి పడేదాకా ఉండండి. సాయంత్రం ఎండ వాలేకొద్దీ విమానం, అంటే గర్భగుడి మీది శిఖరం, కొత్త బెల్లం రంగుకి తిరుగుతుంది. మన వైపు గుళ్లలో గాలిగోపురం పెద్దది, లోపలి గుడి చిన్నది. ఇక్కడ తిరగేసి ఉంటుంది, గర్భగుడి మీది విమానమే రెండొందల అడుగుల పైమాట. దాని నీడ నేల మీద పడదని గైడ్లు బల్లగుద్ది చెబుతారు. శుభ్రంగా పడుతుంది, మీవారిని ఆ నీడలోనే కూర్చోబెట్టండి.

దర్శనం అయ్యాక అందరూ నందిని చూసి ఫోటో దిగి వెళ్లిపోతారు. మీరు విమానం అడుగుభాగం చుట్టూ ఒక్కసారి మెల్లగా నడవండి. పీఠం రాళ్ల మీద వరసకి వరస తమిళ అక్షరాలు, ఎక్కడా ఖాళీ లేకుండా. అదంతా లెక్కల పుస్తకమమ్మా. గుడికి ఎవరేం ఇచ్చారు, ఏ ఊరు ఎంత ధాన్యం కొలవాలి, దీపానికి నెయ్యి ఎవరి బాధ్యత, అన్నీ చెక్కించి పెట్టాడు. గుడి కోసం రప్పించిన నాట్యగత్తెలు నాలుగొందల మంది పేర్లు, ఏ వీధిలో ఎవరిల్లు అన్నదానితో సహా ఉన్నాయి. నాకు తమిళం చదవడం రాదు. అయినా నలభై ఏళ్లు మస్టర్ రోళ్లు, అదే కూలీల హాజరు పట్టీలు, రాసినవాణ్ణి కాబట్టి ఆ వరసల ముందు ఎంతసేపైనా నిలబడగలను. నంది ఉందే, అది చోళులది కాదు, నాయకరాజుల కాలంలో పెట్టింది, ఒకే రాయి. త్రయోదశి సాయంత్రం ప్రదోషానికి దానికి అభిషేకం చేస్తారు, ఆ రోజు ఇసకేస్తే రాలనంత జనం. మీ తేదీకి తిథి చూసుకోండి.

రెండో రోజు పొద్దున్న తిరువయ్యారు, మీ త్యాగరాజస్వామి సమాధి ఉన్న ఊరు, పదమూడు కిలోమీటర్లు, టౌన్ బస్సే ఉంది. ఎనిమిదింటికి బయల్దేరినా చాలు. మధ్యాహ్నం తిరిగొచ్చి భోంచేసి రాజభవనం చూడండి. భవనం సగం పాడుబడి ఉంటుంది, అది చూసి నిరాశపడొద్దు. దర్బారు హాల్లో చోళుల కాలపు కంచు విగ్రహాలున్నాయి, అవి చూడాలి. పక్కనే సరస్వతీ మహల్ గ్రంథాలయం. నాయకరాజులు మొదలుపెట్టిన భాండారాన్ని మరాఠా రాజు శరభోజి పెంచాడు. రఘునాథ నాయకుడు తెలుగులో కావ్యాలు రాసిన రాజు, ఆయన కొలువులో రామభద్రాంబ, మధురవాణి లాంటి కవయిత్రులుండేవారు. ఆ కాలపు తెలుగు తాళపత్రాలు చాలావరకు ఇక్కడే బతికి బట్టకట్టాయి. మనబోటి వాళ్లకి పైపైన మ్యూజియం గది ఒక్కటే చూపిస్తారు, చిన్నదే, కానీ మీరు తెలుగు మేష్టారమ్మ కాబట్టి అరగంట ఎక్కువే పడుతుంది. వారంలో సెలవు రోజు ఉంటుంది, లాడ్జివాళ్లని ముందే అడగండి.

మూడో రోజు మీ వారిది. కల్లణై, అదే ఆయనడిగిన కరికాలుడి ఆనకట్ట, తంజావూరుకి, తిరుచ్చికి మధ్యలో, తిరుచ్చి వైపు దగ్గరగా ఉంది. కారు మాట్లాడుకుని పెట్టెలు అందులోనే వేసేసుకుంటే దారిలో ఆగి చూసి అటే తిరుచ్చి వెళ్లి రాత్రి బండెక్కొచ్చు. పైన రోడ్డు ఉంది, మెట్లు ఎక్కే పని లేదు.

అక్కడ ఏం చూడాలో ఆయనకి చెప్పండి. శ్రీరంగం ఎగువన కావేరి రెండు పాయలవుతుంది, ఒకటి కావేరి, ఒకటి కొల్లిడం. కొల్లిడం పల్లంలో ఉంది, నీళ్లన్నీ అటే జారిపోయి సముద్రం పాలయ్యేవి. శ్రీరంగం దిగువన రెండు పాయలూ మళ్లీ దగ్గరకొచ్చే చోట కరికాలుడు అడ్డంగా రాతికట్ట వేయించాడు, సుమారు రెండు వేల ఏళ్ల కిందట. వరదొస్తే కొల్లిడంలోకి, సేద్యానికి కావేరిలోకి. కట్ట తిన్నగా ఉండదు, పాములా వంపు తిరిగి ఉంటుంది. అడుగున బండ లేదు, అంతా ఇసుకే. ఆ ఇసుకలోకి పెద్ద రాళ్లు దించుతూ పోతే అవి కూరుకుని కూరుకుని ఒకచోట నిలబడ్డాయి, వాటి మీద కట్టారు.

మన కాటన్ దొర కుర్రతనంలో ఉద్యోగం చేసింది అక్కడే. 1836లో కొల్లిడం మీద ఎగువన ముక్కొంబులో ఒకటి, దిగువన ఒకటి ఆనకట్టలు కట్టాడు. లోతు తెలియని ఇసుకలో పునాది నిలబెట్టడం ఈ దేశపు పాతవాళ్ల దగ్గరే నేర్చుకున్నామని ఆయనే రాసుకున్నాడు. ఆ విద్యతోనే వచ్చి 1847 నుంచి 1852 దాకా మా ధవళేశ్వరం ఆనకట్ట కట్టాడు. మీ చేలో పారే నీళ్లకి పాఠం అక్కడుంది. ఈ ముక్క చెప్తే మీ వారు తిరువయ్యారులో ఎంతసేపు కూర్చున్నా విసుక్కోరు.

ఒక్క జాగ్రత్త. మెట్టూరు డ్యాం ఆనవాయితీ ప్రకారం జూన్ 12న తెరిచి జనవరి 28న కట్టేస్తారు. మనకైతే దాళ్వా, అదే రెండో పంట, కోసం మార్చి దాటేదాకా కాలువలు పారతాయి, అక్కడ అలా కాదు. నెలాఖరు దాటి వెళ్తే కల్లణై దగ్గర ఇసుక చూసి రావడమే. మీరనుకున్న రోజులు బాగున్నాయి.

నవగ్రహాలు, చిదంబరం, కుంభకోణం అన్నీ కొట్టెయ్యండి.

అంబాజీపేట కోడలు

పాతకాపు గారికి దణ్ణం, కానీ కుంభకోణం మొత్తం కొట్టెయ్యమంటే నేనొప్పుకోనండి. కుంభకోణం గుళ్లు వద్దు, సరే. కుంభకోణం పక్కనున్న దారాసురం గుడి ఒక్కటి చూడాలి కదా! కట్టించిన రెండో రాజరాజు మీరు చెప్పిన కులోత్తుంగుడికి మునిమనవడే, అంటే ఆ గుడీ మన చుట్టాలదే. పెద్ద గుడిలో మెడ నొప్పెట్టేలా పైకి చూడాలి, దారాసురంలో కళ్లకెదురుగా బెత్తెడు బెత్తెడు బొమ్మలు. స్తంభం దగ్గర కూర్చుని ఒక్కొక్కటే చూసుకోవచ్చు, జనం కూడా ఉండరు. తంజావూరు నుంచి నలభై కిలోమీటర్ల లోపే.

టీచరమ్మగారికి తిరువయ్యారు గురించి ఒకటి చెప్పాలి. త్యాగరాజస్వామి సమాధి కావేరి ఒడ్డునే ఉంటుంది. దానికెదురుగా చేతులు జోడించి కూర్చున్న ఒకావిడ విగ్రహం కనపడుతుంది. చాలామంది చూడకుండానే వచ్చేస్తారు. ఆవిడ గాయని బెంగుళూరు నాగరత్నమ్మగారు. స్వామి 1847లో పోయాక సమాధి పాడుబడితే, ఆవిడ నగలమ్మి ఆ స్థలం బాగుచేయించి మందిరం కట్టించారు. అప్పట్లో స్వామి పోయిన తిథినాడు జరిగే ఆరాధనలో ఆడవాళ్లని పాడనిచ్చేవారు కాదు. ఆవిడ ఊరుకోకుండా ఆడవాళ్లతో వేరే ఆరాధన పెట్టించారు, చివరికి అందరూ కలవాల్సొచ్చింది. 1952లో పోయారు. ఆవిడ సమాధి కూడా స్వామి ఎదుటే. మీరు సంగీతం నేర్చుకున్నారు కాబట్టి ఆవిడకి కూడా ఓ నమస్కారం పెట్టి రండి.

మామూలు రోజుల్లో అక్కడ సందడి ఉండదు, కూర్చుని పాడుకున్నా ఎవరూ ఏమీ అనరు. కానీ పుష్య బహుళ పంచమికి ఆరాధన, దానికి ముందు రోజుల నుంచే కచేరీలు. సంక్రాంతి దగ్గర్లోనే వస్తుంది, కేలండర్ చూడండి. ఆ రోజులైతే తంజావూరులో కూడా గది దొరకడం కష్టం. పంచమి నాడు వందలమంది ఒకేసారి స్వామి పంచరత్న కీర్తనలు పాడతారు, అది కావాలంటే అప్పుడే వెళ్లాలి. ప్రశాంతంగా కావాలంటే అస్సలు వద్దు.

తిరువయ్యారులో అశోకా హల్వా తినకుండా రావద్దండోయ్. పెసరపప్పుతో చేస్తారు, నెయ్యి కారుతూ వేడిగా ఆకులో పెట్టిస్తారు. మన తాపేశ్వరం కాజా మీద ఒట్టు, అంత బాగుంటుంది.

మండపేట టీచరమ్మ

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ ధన్యవాదాలండి. పాతకాపు గారి జవాబు మా వారికి చదివి వినిపించాను. మేనరికం దగ్గర నవ్వారు, కాటన్ దగ్గర లేచి కూర్చున్నారు. "అయితే రెండో రోజే కల్లణై వెళ్దాం" అని మొదలుపెట్టారు, ఒప్పుకోలేదు.

ఆరాధన తేదీలు చూశాను, మా రోజులకి తగలడం లేదు. కొంచెం బాధ, కొంచెం హాయి.

దారాసురం మీద ఇంకా తేల్చుకోలేకపోతున్నాం. రెండో రోజు మధ్యాహ్నం రాజభవనమా, దారాసురమా? రెండూ అంటే మళ్లీ పరుగే. ఇంకో చిన్న సందేహం: భోజనం. మా వారికి పప్పు, ముద్దపప్పో మామిడికాయ పప్పో, ఏదో ఒకటి లేకపోతే అన్నం దిగదు. గుడిలో ఫోన్‌తో ఫోటోలు తీసుకోనిస్తారా?

ధవళేశ్వరం పాతకాపు

కోడలుగారి మాట నిజమే, దారాసురం బొమ్మల పని చాలా గొప్పది. కానీ టీచరమ్మా, మీకు తెలుగు తాళపత్రాలు ఎక్కువా, రాతి బొమ్మలు ఎక్కువా? నాకైతే ఈ ప్రశ్నకి జవాబు తెలిసినట్టే ఉంది. రాజభవనమే చూడండి. దారాసురం పేరు చెప్పి ఇంకోసారి బయల్దేరొచ్చు, అప్పుడు మనవల్ని తీసుకెళ్దురుగాని.

అంబాజీపేట కోడలు

మనవలొస్తే ఇక దారాసురం చూసినట్టే! సరే, ఒప్పుకున్నా. కానీ గ్రంథాలయం సెలవు రోజున పడితే మాత్రం దారాసురమే, మాటివ్వండి.

భోజనం గురించి: అరిటాకు మీల్స్ ఎక్కడైనా దొరుకుతుంది. సాంబారు, రసం, కూటు, పొరియల్, మజ్జిగ. ముద్దపప్పు మన పద్ధతిలో పెద్ద హోటళ్లలోనే అడగాలి, కూటులో పప్పు ఉంటుంది కాబట్టి దాంతో సరిపెట్టుకోమనండి. కారం సరిపోదు. చిన్న సీసాలో ఆవకాయ, పొట్లంలో కందిపొడి పట్టుకెళ్లండి, నేను ఎక్కడికెళ్లినా సంచిలో అవే ముందు సర్దుతా. కాఫీ విషయంలో మాత్రం వాళ్లే గెలుస్తారు, ఇత్తడి డబరా గ్లాసులో ఇస్తారు, పంచదార తక్కువ వెయ్యమని ముందే చెప్పాలి.

కొనుక్కోవడానికి తల ఊపే బొమ్మలు తెచ్చుకోండి, తేలిగ్గా ఉంటాయి, స్కూలు పిల్లలకి కూడా సరదా. బంగారు రేకు అద్దిన తంజావూరు పటాలు పెద్దవి మాత్రం రైల్లో మోసుకురావద్దు, అద్దం పగిలితే ఆ బాధ వేరు.

భీమవరం బండి

ఫోటోల సంగతి: బయట ఆవరణలో ఫోన్‌తో ఎన్నైనా తీసుకోవచ్చు, గర్భగుడి లోపల మాత్రం కుదరదు. విమానం మొత్తం ఒక్క ఫోటోలో పట్టాలంటే గుడి వెనకవైపు మూలకి, చుట్టు మండపం దగ్గరికి వెళ్లి నిలబడాలి. ముందువైపు నుంచి తీస్తే నంది మండపం అడ్డొస్తుంది. చెప్పులు బయట స్టాండులో పెట్టేటప్పుడు టోకెన్ మీవారి జేబులో కాకుండా మీ పర్సులో వేసుకోండి టీచరుగారూ.